పిట్ట ముట్టలేదు, డిక్కీ మూతపడలేదు

చావింటి ముందు నిలబడి కారు డిక్కీ ఎలా తెరుచుకుంటుందో నలుగురికీ చూపించిన మనిషిని నేను. ఎవరో అడిగితే చూపించానని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఎవరూ అడగలేదు. చిన్నమామ కారు వెనక నిలబడి బీడీ ముట్టించుకుంటుంటే నేనే దగ్గరికి పోయి, "జర పక్కకు జరుగు మామా, తలుపు లేస్తది" అన్నాను. చెయ్యి తగలకుండా బంపర్ కింద కాలు ఆడించాను. తలుపు కీక్ కీక్‌మని అరిచి, తనంతట తానే మెల్లగా పైకి లేచింది.

"వారెవ్వా! కాలు ఆడిస్తెనే లేస్తదా అల్లుడా?" అన్నాడాయన.

నాకు ఒళ్లు పొంగిపోయింది. ఇంట్లో పెద్దమామ ఫోటోకు దండ వేసి, ముందు దీపం పెట్టి ఉంది. ఆయన పోయి అది మూడో రోజు.

పెద్దమామ మా అమ్మకు సొంత అన్న. బయ్యారం దగ్గరి పల్లెలో ఎర్రమట్టి చెలకలు దున్నుకుంటూ బతికాడు. మాది బచ్చన్నపేట వైపు. చిన్నప్పుడు సెలవులొస్తే జనగామలో రైలెక్కి, మహబూబాబాదులో దిగి, దొరికిన జీపుకు వేలాడుతూ మామ ఊరు చేరేవాళ్లం. జీపు దిగేసరికి జుట్టుతో సహా ఎర్రగా అయ్యేవాళ్లం. మామ బావి దగ్గరికి తీసుకుపోయి నెత్తి మీద చేదతో నీళ్లు గుమ్మరించేవాడు. అలాంటి ఊరికి సొంత కారులో, అదీ తలుపులు తమంతట తామే తెరుచుకునే కారులో రావడమంటే నాకు చిన్న సంగతి కాదు. భూపాలపల్లిలో బొగ్గుబాయి ఆఫీసులో ఉద్యోగం నాది. కారు కొనేటప్పుడు ఆ డిక్కీ తలుపు కోసమే పై మోడల్ కావాలని పట్టుబట్టాను. "డిక్కీ తెరవడానికి మనకు చేతులు లేవా?" అని నా భార్య చాలా రోజులు సణిగింది. ఆమె ఆ రోజు నా వెంట రాలేదు. వచ్చి ఉంటే, నేను కాలు ఆడించకముందే కంటితోనే ఆపేసేది.

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట కాష్ఠం దగ్గర విస్తరి వేసి వడ్డించి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు ముట్టరు. నేను చదువుకున్నవాణ్ణే, బాయి దగ్గర మిషన్ల మధ్య తిరిగేవాణ్ణే, అయినా పిట్ట ముట్టేదాకా నేనూ కొమ్మల వైపే చూస్తూ నిలబడతాను.

ఆ పొద్దున గిన్నెలు తీసుకుపోవడానికి నా బావమరిది, అంటే పెద్దమామ కొడుకు, ట్రాక్టర్ తీయబోయాడు. నేను ఒప్పుకోలేదు. "నా కారు డిక్కీల పెడుదాం. గిన్నె కదలకుంట వస్తది" అన్నాను. అన్నం గంజు, యాటకూర గిన్నె, గారెలు, ఉడికిన గుడ్లు, ఒక సీసాలో కల్లు అన్నీ నా డిక్కీలోకి ఎక్కాయి. మాంసం ఊరు దాటితే గాలి సోకుతుందని అమ్మ కూరగిన్నె మూత మీద ఒక బొగ్గు ముక్కా, ఒక వేపమండా పెట్టింది. బటన్ నొక్కాను. తలుపు బుద్ధిగా దిగి మూసుకుంది. అందరూ నడుచుకుంటూ వస్తుంటే నేను ముందు కారు నడుపుతూ పోయాను.

కాష్ఠం ఉన్నది వాగు ఒడ్డున, తుమ్మచెట్ల మధ్య. కారును దూరంగా బండ్లబాట మీదే ఆపేస్తే సరిపోయేది. నేను మాత్రం విస్తరి వేసే చోటు పక్కదాకా తెచ్చి ఆపాను. గిన్నెలు మోయడం ఆడవాళ్లకు కష్టమని అన్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతాది కారు అందరి కళ్లముందు ఉండాలన్న కోరిక.

ఆడవాళ్లు గిన్నెలు దించారు. చిన్నమామ నీళ్లు చల్లి విస్తరి పరిచాడు. బావమరిది వడ్డించాడు. అందరం మొక్కి వెనక్కి జరిగాం. తుమ్మచెట్ల మీద కాకులు అప్పటికే చేరి ఉన్నాయి, ఆ వాసనకు చేరకుండా ఎలా ఉంటాయి? ఇక ఎంతోసేపు పట్టదనుకుని, ఈలోగా డిక్కీ మూసేద్దామని బటన్ నొక్కాను.

తలుపు సగందాకా దిగి ఆగింది. కీక్ కీక్‌మని అరిచి మళ్లీ పైకి పోయింది.

ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే. తాళంచెవి మీద బటన్ నొక్కాను. లోపల స్టీరింగ్ పక్కన ఉన్నదీ నొక్కాను. ఎటు నుంచి నొక్కినా ఆ తలుపు సగం దిగడం, అరవడం, వెనక్కి పోవడం. నా చెవులు వేడెక్కాయి. వెనక ఎవరో నవ్వినట్టు అనిపించింది. నవ్వారో లేదో ఇప్పటికీ తెలియదు.

"చేత్తో గుంజి మూసెయ్ రాదు అల్లుడా" అన్నాడు చిన్నమామ.

"చేత్తో గుంజితే మోటర్ కరాబైతది మామా! మీకెరుకలేదు, ఊకోండ్రి" అని కసురుకున్నాను. మూడు రోజుల కింద అన్నను పోగొట్టుకున్న మనిషి మీద కసురుకున్నాను.

ఇక నాకు విస్తరి లేదు, కాకి లేదు, మామ లేడు. ఆ తలుపే లోకమైపోయింది. ఫోన్ తీసి వీడియోలు వెతికాను. గడియ దగ్గర దుమ్ముంటే ఇలా చేస్తుందని ఒకడు చెప్పాడు. రుమాలుతో గడియను తుడిచాను, నొక్కాను, అరిచింది. బ్యాటరీ తగ్గితే ఇలా అవుతుందని ఇంకొకడు చెప్పాడు. ఇంజన్ స్టార్ట్ చేసి నొక్కాను, ఇంకా గట్టిగా అరిచినట్టనిపించింది. హనుమకొండలో కారు కొన్న చోటికి ఫోన్ చేశాను. అక్కడి పిల్లవాడు ఎంతో మర్యాదగా, తలుపు పైకి లేచాక బటన్‌ను చాలాసేపు నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. అది పొడుగ్గా ఒక కూత కూసింది. మళ్లీ మూయబోయాను. మళ్లీ సగందాకా వచ్చి వెనక్కి పోయింది.

ఎంతసేపలా గడిచిందో నాకు తెలియదు. నా వెనక మాటలు మారడం మాత్రం చెవిన పడుతూనే ఉంది.

మొదట చిన్నమామ గొంతు. "అన్నా, నీ మనసుల ఏమున్నా మేం తీరుస్తం. వచ్చి ముట్టు."

తర్వాత బావమరిది. "బాపూ, నీ ఏడాదిది మంచిగ చేస్త. అవ్వను మంచిగ చూసుకుంట. ముట్టు బాపూ."

బీడీ ముట్టించి విస్తరి అంచున పెట్టారు. గారె ఒకటి తుంచి పైకి చూపించారు. కాకులు దిగుతున్నాయట, దగ్గరదాకా వస్తున్నాయట, లేచిపోతున్నాయట. "ముట్టినట్టే అచ్చి పోతుంది, ఏందో పరేషాన్ చేస్తుండు" అని ఎవరో అన్నారు. పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టని ముసలివాళ్లు ఇసుకలో కూలబడ్డారు. పెద్దమామ భార్య, మా అత్త, ఒక తుమ్మమొద్దుకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది.

"మా అన్న మనసుల ఏమున్నదో నాకెరుకే" అంది. "సచ్చే ముందర ఒక్క గిలాస కల్లు అడిగిండు. పోయనియ్యలే. నాకు ఫోన్ల చెప్పుకొని ఏడ్సిండు. గిప్పుడు సీస నిండ పెడితె ఎట్ల ముడుతడు?"

ఎవరు పోయనియ్యలేదో అమ్మ పేరు పెట్టి చెప్పలేదు. చెప్పనక్కరలేదు. అందరి తలలూ బావమరిది భార్య వైపు తిరిగాయి.

ఆమె నాకు చెల్లెలి వరస. ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. మామకు లివర్ చెడిపోయి మంచం పట్టిన దగ్గర నుంచి అన్నీ ఆమే చూసింది. పిల్లల బడి, ఇంటిపని, మామ మందులు, పక్క బట్టలు. కల్లు చుక్క పడ్డా ప్రాణానికే ముప్పని వరంగల్ డాక్టరు చెప్పినప్పుడు మామ పక్కన నిలబడి విన్నది ఆమె ఒక్కతే. బావమరిది అయితే ఒక గ్లాసు పోసేసేవాడే, తండ్రి అడిగితే కాదనే మనిషి కాదు. ఆమే అడ్డం పడింది. మామ అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడట. రెండో రోజు స్పృహ పోయింది, మళ్లీ రాలేదు. చావు కబురు చెప్పినప్పుడు ఫోన్‌లో ఆమె నాతో అన్న మాట ఒకటే. "అన్నా, మామ నాతోటి మాట్లాడకుంటనే పోయిండు."

కల్లు మాట నలుగురిలో పడ్డాక ఆగలేదు. "గంత కట్టడి చేసుడేంది", "పొయ్యే పాణానికి ఒక్క గుక్కెడు పోస్తే ఏమైతుండె" అని తలా ఒకటి అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. భర్త వైపు చూసింది. వాడు ఇసుక వైపు చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే నేను ఇంకోసారి బటన్ నొక్కాను. తలుపు కీక్‌మంది. ఎందుకో ఆసారి తలెత్తి చూశాను. విస్తరికి జానెడు దూరంలో ఉన్న కాకి ఆ కూతకు ఎగిరి తుమ్మ కొమ్మ మీద వాలింది.

వేలు బటన్ మీద నుంచి తీసేశాను.

మామకు కోపం లేదు. కోడలి మీద లేదు, ఎవరి మీదా లేదు. పొద్దున్నుంచి ఆ కాకులను తోలుతున్నది నేను. నా కారు, నా తలుపు, నా వేలు.

ఒక్క మాట చాలు. "నా కారు చప్పుడుకు బెదురుతున్నయి, అమ్మా, ఆమెననకు" అంటే చాలు. నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే అందరి ముఖాలూ ఆమె మీద నుంచి నా మీదికి తిరుగుతాయి. గొప్పగా ఆడించి చూపిన తలుపు, చిన్నమామను కసురుకున్న నోరు, కర్మ జరుగుతుంటే ఫోన్‌లో వీడియోలు చూసిన కళ్లు, అన్నీ ఒక్కసారే బయటపడతాయి. నాకు ముఖం చెల్లలేదు. ఇక నొక్కకుండా ఊరుకుంటే కాకి దానంతట అదే దిగుతుంది, ముడుతుంది, ఈ రభస దానంతట అదే సద్దుమణుగుతుంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు అనుకున్నాను. తాళంచెవి జేబులో వేసుకుని, ఏమీ ఎరగనివాడిలా వచ్చి అందరిలో నిలబడ్డాను.

కానీ బెదిరిన కాకులు అంత తొందరగా దిగవు. అవి కొమ్మల మీదే కూర్చుని మెడలు తిప్పుతున్నాయి. నేను లోలోపల మొక్కుతున్నాను, మామకు కాదు, కాకులకు. దిగండి, దిగండి, జల్ది దిగండి.

"పో బిడ్డా" అంది అమ్మ చెల్లెతో. "నీ చేతులతోటి కల్లు పోసి మొక్కు. తప్పయిందని ఒక్క మాట అను. ఆయన మనసు వెన్న."

ఆమె కదల్లేదు. "డాక్టర్ వద్దన్నడు అత్తమ్మా" అంది గొణుగుతున్నట్టు.

"డాక్టర్ మాటలు గీడ కాదు బిడ్డా."

చిన్నమామ కల్లు సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నా పక్కనుంచే నడిచిపోయింది. కొంగు నా చేతికి తగిలింది. అప్పుడైనా అనొచ్చు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆకుదొప్పలో కల్లు పోసి, నుదురు ఇసుకకు ఆనించి, అందరికీ వినపడేలా అంది.

"తప్పయింది మామా. నీ కోరిక తీర్సలే. నాదే తప్పు. నన్ను మన్నించు మామా."

ఆమె లేచి వెనక్కి నాలుగడుగులు వేసిందో లేదో కాకి దిగింది. గారె ముక్క ముక్కున కరుచుకుంది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అందరూ ఒక్కసారిగా గట్టిగా ఊపిరి వదిలారు. అత్త ఏడ్చింది. అమ్మ చెల్లెను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "అంటి గద? నీ నోటి మాట కోసమే ఆగిండు" అంది.

అందరూ తినడానికి కూర్చున్నారు. నేను కూర్చోలేదు. కారు దగ్గరికి పోయాను. ఇంకా నోరు తెరుచుకునే ఉన్న ఆ డిక్కీలోకి తల పెట్టి, మొదటిసారి గడియను వదిలి అంచులు చూశాను. ఎడమ పక్కన, రబ్బరు సందులో వేపమండ దోపి ఉంది. గిన్నెలు దించేటప్పుడు అమ్మ దాన్ని కింద పడేయక, తిరిగి పోయేటప్పుడు పనికొస్తుందని అక్కడ దోపింది. మూసుకునేటప్పుడు ఎవరి వేళ్లూ నలగకుండా ఆ తలుపు అంచుకు ఒక పట్టీ ఉంటుంది. దానికి ఏది తగిలినా తలుపు వెనక్కి పోతుంది. వేపమండ తీశాను. బటన్ నొక్కాను. తలుపు మెత్తగా దిగి మూసుకుంది. దాన్ని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

వెనక్కి వచ్చి, విస్తళ్ల మధ్య నిలబడి చెప్పాను. ఇప్పుడు చెప్పడం సులువైంది, అందుకే నా మీద నాకు ఇంకా అసహ్యం. "పిట్ట ముట్టకపోయింది మామ కోపానికి కాదు. నా కారు కీక్‌మని ఒర్రుడుకు కాకులు బెదిరి లేసినయి."

చిన్నమామ ముద్ద నములుతూ నవ్వాడు. "నీ కారుకు జడుస్తడారా మీ మామ? అడివి పందులకే జడవకపాయె." పక్కనున్నవాళ్లూ నవ్వారు. "నీకు కారు తప్ప ఇంకో ముచ్చట లేదా కొడుకా?" అంది అమ్మ, కాస్త విసుగ్గా. నా మాట అక్కడితో అయిపోయింది. నిజం ఎవరికీ అవసరం లేకుండా పోయింది, అందరి కడుపులూ నిండుతున్నాయి.

ఆమె మాత్రం నవ్వలేదు. గిన్నెలు కడగడానికి వాగు దగ్గరికి పోతే వెనకాలే పోయాను. ఆమె ఇసుకతో కూరగిన్నె తోముతోంది. పక్కన నిలబడి మళ్లీ చెప్పాను. వేపమండ సంగతి, పట్టీ సంగతి, బటన్ నొక్కినప్పుడల్లా కాకి లేచిపోయిన సంగతి, అంతా వివరంగా చెప్పాను. ఎంత వివరంగా చెబితే నా తప్పు అంత తగ్గుతుందన్నట్టు.

ఆమె తోమడం ఆపకుండానే అడిగింది. "నీకెప్పుడు ఎరుకైంది అన్నా? నేను మొక్కకముందా, మొక్కినంకనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పగలిగేవాణ్ణే. ఆమె చేతులు చూసి చెప్పలేకపోయాను. "ముందే చెల్లె" అన్నాను.

ఆమె గిన్నెను నీళ్లలో ముంచి తీసింది. "మామ నా మీద కోపంతోటి పోలేదని నా మనసుకు నేను ఎన్ని తీర్ల చెప్పుకున్ననో నీకెరుకలేదు" అంది. "గిప్పుడు గంతమంది ముందర నా నోటితోటే తప్పు నాదని అంటి. ఇగ నువ్వు ఎన్ని చెప్పినా ఆ మాట వాపసు రాదు గద అన్నా."

"అందరికీ మళ్లా చెప్త చెల్లె."

"వద్దు. నవ్వుతరు" అంది. గిన్నె నెత్తిన పెట్టుకుని గట్టెక్కి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారెక్కమంటే, నడిచొస్తానంది.

నెల మాసికానికి నేను భూపాలపల్లి నుంచి బస్సులో పోయాను. కారు ఇంట్లోనే పెట్టాను. అదే వాగు ఒడ్డు, అవే తుమ్మచెట్లు. చప్పుడు చేసేది ఏదీ లేదు. బావమరిది వడ్డించి లేస్తుండగానే కాకి దిగి, మేమంతా చూస్తుండగా అన్నం మెతుకులు ఏరుకుంది. "జల్దినే ముట్టిండు" అని చిన్నమామ సంతోషపడ్డాడు. అందరూ గిన్నెల వైపు కదిలారు. అప్పుడు చెల్లె, ఎవరూ చెప్పకుండానే, కల్లు సీసా తీసుకుని ఒక్కతే ముందుకు పోయింది. మోకాళ్ల మీద కూర్చుని దొప్పలో పోసింది. నుదురు ఇసుకకు ఆనించి, "తప్పయింది మామా" అంది. కాకులు అప్పటికే తిని ఎగిరిపోయాయి.